ధ్వని ఎక్కడ ఆగినది?

గృహోపకరణములలో తక్కినవి చెడిపోయినప్పుడు ఆ సంగతిని దాచుకొనవు. పంకా తిరుగుట మానును. మిక్సీ కమరువాసన కొట్టును. గ్రైండరు రాయి మొండికేసి నిలిచిపోవును. ధ్వని పోయిన కంప్యూటరు తీరు వేరు. తెర వెలుగుచునే యుండును, బొమ్మలు కదలుచునే యుండును, గాయకుని పెదవులు ఆడుచునే యుండును, మీటలు నొక్కినంత వేగముగ అక్షరములు పడుచునే యుండును. శబ్దమొక్కటి మాత్రము ఉండదు. యంత్రము మొత్తము స్వస్థముగనే కనబడుచుండగా లోపమెక్కడ నున్నదో తెలియక గృహస్థు తికమకపడును.

ఇట్టి సమయమున ఇంటివారు చేయు చికిత్స దాదాపు అన్ని ఇండ్లలోను ఒకే క్రమమున సాగును. ముందు స్పీకరును తట్టి చూతురు. పిమ్మట వైరును మెలిపెట్టి చూతురు. అప్పటికిని పలుకనిచో, క్రితము సాయంకాలము దానిముందు కూర్చున్న మనుమని పిలిచి, "ఏం నొక్కావురా దీన్ని?" అని గద్దింతురు. "నేనేం చెయ్యలేదు తాతయ్యా" అని వాడనును. అందులో అసత్యము లేకపోవచ్చును కూడ. కట్టకడపట మెకానిక్కు వచ్చి, తెరవంక ఒక నిమిషము చూచి, "ఫార్మాట్ కొట్టాలండీ" అని తేల్చివేయును. ఇంటి ఫొటోలు, పిల్లల ప్రాజెక్టులు, తాతగారు ఓపికగా టైపు చేసికొనిన వంశవృక్షము, ఇవన్నియు ఉన్న డిస్కును తుడిచివేయుటకు స్పీకరు పలుకకపోవుట చాలినంత కారణము కాదని చెప్పువారు ఆ క్షణమున అక్కడ ఉండరు.

ధ్వని పోవుట ఒక వ్యాధి కాదు. పది వేర్వేరు వ్యాధులకు అది ఉమ్మడి లక్షణము. కావున "ఎట్లు బాగుచేయవలెను?" అను ప్రశ్నకు ముందు "ఎక్కడ ఆగినది?" అను ప్రశ్న వేసికొనవలెను. ఆ ప్రశ్నకు సమాధానము దొరికిన పిదప చికిత్స చాలవరకు చిన్నదిగనే యుండును. ఒక మీట నొక్కుట, ఒక పిన్ను మార్చుట, జాబితాలో ఒక పేరు ఎంచుకొనుట, అంతమాత్రమే.

ఎక్కడ ఆగినదో తెలియవలెనన్నచో ధ్వని ఎక్కడినుండి బయలుదేరి ఏయే మజిలీలు దాటి మన చెవికి చేరుచున్నదో కొంత తెలిసియుండవలెను. కంప్యూటరులో పాట పాటగా ఉండదు, అంకెలుగా ఉండును. 1982లో విపణిలోనికి వచ్చిన కాంపాక్టు డిస్కు నెలకొల్పిన పద్ధతి ప్రకారము, సెకనుకు 44,100 మారులు ధ్వనితరంగపు ఎత్తును కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్ల సంఖ్యగా వ్రాసి, ఎడమ చెవికొక వరుస, కుడి చెవికొక వరుస చొప్పున భద్రపరుతురు. మానవుని చెవి స్థూలముగ 20 మొదలు 20,000 హెర్ట్జుల వరకు గల కంపనములను గ్రహింపగలదు. ఏ కంపనమునైనను సంఖ్యలలో పట్టి నిలుపవలెనన్న దాని రెట్టింపునకు మించిన వేగముతో కొలువక తప్పదు. అందువలననే ఇంత పెద్ద సంఖ్య అవసరమైనది. వీడియోల విషయమున ఈ కొలతలు సాధారణముగ సెకనుకు 48,000.

ఈ అంకెలు ఎంపీత్రీ వంటి ఫైళ్ళలో కుదించి మడిచిపెట్టబడి యుండును. పాట వినిపించు ప్రోగ్రాము, అది వీఎల్‌సీ కానిండు, యూట్యూబు తెరిచిన బ్రౌజరు కానిండు, వానిని విప్పి విండోస్‌కు అప్పగించును. ఒకే సమయమున పాట, వాట్సాప్ గంట, వీడియో కాల్ మూడును మ్రోగవచ్చును గనుక విండోస్ వానినన్నిటిని కలిపి, ఒక్కొక్కదాని వాల్యూము సరిచేసి, డ్రైవరు అను మధ్యవర్తి ప్రోగ్రామునకు అందించును. డ్రైవరు వానిని మదర్‌బోర్డుపై నున్న ధ్వనిచిప్పునకు చేర్చును. సెంటీమీటరైనను లేని నల్లని చదరపు చిప్పు అది. మన ఇండ్లలోని కంప్యూటర్లలో పెక్కింటియందు దానిపై తైవాను దేశపు రియల్‌టెక్ కంపెనీ పేరు కనబడును. అక్కడ, అప్పటివరకు కేవలము అంకెలుగా నడచివచ్చిన సంగీతము మొట్టమొదటిసారిగ విద్యుత్తుగా మారును. ఆ స్వల్ప విద్యుత్తు మూడున్నర మిల్లీమీటర్ల రంధ్రములో దూర్చిన పిన్ను ద్వారా స్పీకరును చేరి, అచ్చటి ఆంప్లిఫయరులో బలము పుంజుకొని, అయస్కాంతము నడుమ నున్న తీగచుట్టను ముందునకు వెనుకకు ఊపి, దాని కంటించిన కాగితపు శంకువును కదలించి, గాలిని కదలించును. ఇన్ని మజిలీలలో ఏ ఒక్కటి తప్పినను ఫలితము ఒకటే: నిశ్శబ్దము.

గోదావరి డెల్టాలో శివారు చేనుకు నీరందనప్పుడు అనుభవశాలియైన రైతు ధవళేశ్వరము ఆనకట్ట వద్దనుండి గట్టు వెంబడి నడచుకొని రాడు. తన చేను గట్టుపైనే నిలుచుండి విచారించుచును ఉండడు. కాలువ నడుమ నున్న తూము వద్దకు పోయి చూచును. అక్కడ నీరున్నచో లోపము దిగువన, లేనిచో ఎగువన. ఒక్క చూపుతో సగము కాలువను పరీక్షింపవలసిన పని తీరిపోవును. కంప్యూటరులో ధ్వనిని వెదకుటకును ఇంతకంటె మంచి పద్ధతి లేదు. అదృష్టవశమున అట్టి తూము విండోస్‌లో నొకటి కలదు.

దానిని చూపుటకు ముందు ఒక చిన్న చరిత్ర చెప్పవలసి యున్నది. ఏలయన, నేటి ధ్వనిలోపములు నిన్నటి ధ్వనిలోపముల వంటివి కావు. 1981లో ఐబీఎం కంపెనీ వెలువరించిన పర్సనల్ కంప్యూటరులో చిన్న స్పీకరు ఒకటి పెట్టెలోపలనే యుండెడిది. అది 'బీప్' మనుటకు మించి పెద్దగా పలుకనేరదు. 1989లో సింగపూరుకు చెందిన క్రియేటివ్ కంపెనీ సౌండ్ బ్లాస్టర్ అను కార్డును తెచ్చిన పిదపనే సామాన్యుని కంప్యూటరునకు నిజమైన గొంతు వచ్చినది. కాని ఆ రోజులలో ఆ కార్డును పెట్టుట సామాన్యమైన పని కాదు. దానికి ఏ ఇంటరప్టు సంఖ్య కేటాయింపవలెను, ఏ పోర్టు చిరునామా ఈయవలెను అని మనమే చెప్పవలెను. 7వ సంఖ్య ఇచ్చితిమా, ప్రింటరుతో తగవు వచ్చెడిది. ఆనాడు ధ్వని రాలేదన్నచో రెండు ఉపకరణములు ఒక సంఖ్యకై పోట్లాడుకొనుచున్నవని చాలవరకు అర్థము. 1997లో ఇంటెల్ ఏసీ97 అను ప్రమాణమును, 2004లో దాని స్థానమున హై డెఫినిషన్ ఆడియో అను ప్రమాణమును నెలకొల్పుటతో ధ్వని మదర్‌బోర్డులోనే అంతర్భాగమైనది. తగవులు సమసినవి. వాని స్థానమున మరియొక చిక్కు పుట్టినది.

ఆ చిక్కు ఏమనగా, నేటి కంప్యూటరుకు నోరు ఒకటి కాదు. మదర్‌బోర్డు వెనుక పచ్చరంధ్రమొకటి. మానిటరుకు పోవు హెచ్‌డీఎంఐ వైరు మరియొకటి, ఏలయన ఆ వైరు బొమ్మతోపాటు ధ్వనినికూడ మోసికొనిపోవును. బ్లూటూత్ ఇయర్‌బడ్లు వేరొకటి. యూఎస్‌బీ హెడ్‌సెట్టు ఇంకొకటి. ఇన్నింటిలో దేనియందు పలుకవలెనో విండోస్ నిర్ణయించుకొనును. క్రొత్త ఉపకరణము తగిలించినప్పుడు మనలను అడుగకయే నిర్ణయమును మార్చుకొనుటయు కద్దు. అందుచేత నేడు "ధ్వని పోయినది" అని మనమనుకొనునప్పుడు పెక్కుసార్లు జరిగినది ధ్వని పోవుట కాదు, వేరొక త్రోవన పోవుట.

ఇక తూము సంగతి. ముందుగా తెర దిగువన కుడిమూలనున్న స్పీకరు బొమ్మపై మ్యూట్ గుర్తు లేదనియు, వాల్యూము పైకి ఉన్నదనియు చూచుకొనవలెను. పిదప ఒక పాటను నడువనిచ్చి, విండోస్ మీటతోపాటు ఆర్ మీటను నొక్కి, వచ్చిన చిన్న పెట్టెలో ఎమ్, ఎమ్, ఎస్, వై, ఎస్, చుక్క, సి, పి, ఎల్ అను ఇంగ్లీషు అక్షరములను ఎడము లేకుండ కొట్టి ఎంటర్ నొక్కినచో, సౌండ్ అను పలక తెరచుకొనును. అందులో ప్లేబ్యాక్ అను తొలి పుటలో ఈ కంప్యూటరు పలుకగల మార్గములన్నియు వరుసగా కనబడును. ఒక్కొక్కదాని ప్రక్కన నిలువుగా పేర్చిన సన్నని గీతల మీటరు ఉండును. ధ్వని ఏ మార్గమున పోవుచున్నదో ఆ మార్గము ప్రక్కనున్న గీతలు పాట లయకు తగినట్లు పచ్చగా ఎగసిపడుచుండును.

ఈ పచ్చగీతలను చూడ నేర్చిన గృహస్థు సగము మెకానిక్కు అయినట్లే. మన స్పీకర్ల పేరు ప్రక్కన అవి ఎగయుచున్నచో ప్రోగ్రామును, విండోస్‌ను నిర్దోషులుగ ఎంచి విడిచిపెట్టవచ్చును. లోపము దిగువన, అనగా వైరులోనో, పిన్నులోనో, స్పీకరులోనో ఉన్నది. వేరొక పేరు ప్రక్కన ఎగయుచున్నచో ధ్వని దారి తప్పినది. ఎక్కడను ఎగయుట లేదన్నచో లోపము ఎగువన, అనగా పాట వినిపించు ప్రోగ్రామునందో, విండోస్‌నందో వెదకవలెను. ఇక జాబితాలో పేర్లే లేకపోయినను, స్పీకరు బొమ్మపై ఎర్రని గుణకారచిహ్నము కనబడినను, ధ్వనిచిప్పునకును విండోస్‌కును మాటలు లేవని చాలవరకు అర్థము. అది డ్రైవరు వ్యవహారము.

దారి తప్పుట అన్నిటికంటె తరచుగా జరుగునది, అన్నిటికంటె సులువుగా సరిపడునది. క్రొత్త మానిటరు కొని హెచ్‌డీఎంఐ వైరుతో తగిలించిన నాడే ధ్వని మాయమైనదని వాపోవువారు కలరు. ఆ మానిటరులో స్పీకర్లు లేకపోవచ్చును. అయినను దాని పేరు జాబితాలో చేరును, విండోస్ ధ్వనినంతయు అటు మళ్ళించును, అచ్చట వినిపించు సాధనము లేక అది వ్యర్థమగును. బ్లూటూత్ విషయమింకను విచిత్రము. ప్రక్కగదిలో చదువుకొనుచున్న అమ్మాయి చెవులలోని ఇయర్‌బడ్లు ఎన్నడో ఈ కంప్యూటరుతో జతకూడి యుండును. వానిని పెట్టెనుండి తీసిన మరుక్షణము ఇచ్చట తండ్రి వినుచున్న వార్తలు అచ్చట కుమార్తె చెవిలో పడును. జాబితాలో మన స్పీకర్ల పేరుపై కుడిమీట నొక్కి 'సెట్ యాజ్ డిఫాల్ట్ డివైస్' అన్నదానిని ఎంచుకొనినంతనే ధ్వని ఇంటికి తిరిగివచ్చును. విండోస్ 11లో సెట్టింగ్స్‌నందలి సిస్టమ్, అందులో సౌండ్ అను పుటలోనే పై భాగమున ఈ ఎంపిక ఉన్నది.

ఐనను ఒక మెలిక కలదు. జూమ్ వంటి వీడియో కాల్ ప్రోగ్రాములు ధ్వనిమార్గమును విండోస్‌తో నిమిత్తము లేకుండ తామే ఎంచుకొనగలవు. పాటలు చక్కగా వినబడుచు, ఆదివారమునాడు అమెరికానుండి కుమారుడు పిలిచినప్పుడు మాత్రము వాని మాట వినబడనిచో, విండోస్‌ను గాక ఆ ప్రోగ్రాము సెట్టింగులలోని స్పీకరు పేరును చూడవలెను. పాత హెడ్‌సెట్టు పేరు అచ్చట తిష్ఠవేసి యుండుట అరుదు కాదు. దీనికి విపర్యయమైనది మరియొకటి: కాల్ వచ్చినంతనే తక్కిన ధ్వనులన్నియు పాతాళమునకు దిగిపోవుట. అది రోగము కాదు, మర్యాద. సంభాషణ మొదలైనదని గ్రహించినప్పుడు ఇతర ధ్వనులను 80 శాతము తగ్గించుట విండోస్‌కు పుట్టుకతో వచ్చిన అలవాటు. సౌండ్ పలకలోనే కమ్యూనికేషన్స్ అను పుటలో 'డూ నథింగ్' అన్నచో ఆ అలవాటు మానుకొనును.

దిగువకు పోదము. ఇక్కడ సాఫ్ట్‌వేరు విద్వాంసులకంటె స్థూలదృష్టి గలవారే ఎక్కువ రాణింతురు. మన ఇండ్లలో చవకగా దొరకు స్పీకర్ల జతకు రెండు వైర్లుండును: ఒకటి యూఎస్‌బీ, రెండవది మూడున్నర మిల్లీమీటర్ల పిన్ను. ఇట్టివానిలో చాలవాటికి యూఎస్‌బీ కేవలము కరెంటు కొరకే. ధ్వని వచ్చునది పిన్ను ద్వారా. యూఎస్‌బీ తగిలించగనే స్పీకరుపై నీలపుదీపము వెలుగును. దీపము వెలిగినది గనుక అంతయు సవ్యమేనని నమ్మి, నేలపై పడియున్న పిన్నును చూడక, పూటలు పూటలు డ్రైవర్లతో కుస్తీ పట్టువారు కలరు.

పిన్ను పెట్టవలసిన చోటుకూడ ఒకటి కాదు. మైక్రోసాఫ్టు, ఇంటెల్ కంపెనీలు కలిసి వెలువరించిన పీసీ99 అను మార్గదర్శిక రంగులను నిర్ణయించినది: స్పీకర్లకు లేతపచ్చ, మైకునకు గులాబి, బయటి పరికరములనుండి ధ్వనిని లోనికి తీసికొనుటకు లేతనీలము. గులాబిరంధ్రములో పెట్టిన స్పీకరు పిన్ను సాధారణముగ పలుకదు. సీపీయూ పెట్టె ముందువైపున నున్న రంధ్రములకు లోపల మదర్‌బోర్డువరకు ఒక వైరు పోవలెను. కూర్చినవారు దానిని తగిలింపక వదలివేసినచో ఆ రంధ్రములు అలంకారమునకే. కావున ముందువైపున పలుకనిది వెనుకవైపున పలుకునేమో చూడవలెను.

పిన్ను సగమే దూరినప్పుడు జరుగు చిత్రమొకటి చెప్పక మానలేను. స్టీరియో పిన్నుపై నల్లని గీతలతో వేరుచేయబడిన మూడు లోహభాగములుండును: కొన ఎడమ చెవికి, నడిమి వలయము కుడి చెవికి, మొదలు రెంటికిని ఉమ్మడిగా కరెంటు తిరిగిపోవు దారి. ఈ ఉమ్మడి దారి తెగినచో ఎడమ ధ్వని, కుడి ధ్వని ఒకదానిలోనుండి ఒకటి తీసివేతపడి, రెంటికిని గల భేదము మాత్రమే వినబడును. నేటి పాటలలో గాయకుని గొంతును రెండు ప్రక్కలకు సమానముగ పంచి నడుమ నిలుపుదురు. వాద్యములను అటునిటు సర్దుదురు. ఫలితముగ గొంతు మాయమై, వయొలిన్లు మాత్రము నూతిలోనుండి వచ్చినట్లు వినబడును. అదే పిన్నుతో మోనో రికార్డింగుల కాలపు పాత పాట వినినచో, ఎడమకుడులు రెండును ఒకటే గనుక, దాదాపు ఏమియు మిగులదు. "కొత్త పాటలకు సంగీతం వస్తోంది, ఘంటసాల మాత్రం పలకడం లేదు" అని ఎవరైన చెప్పినచో నవ్వి త్రోసివేయరాదు. పిన్నును కొంచెము గట్టిగా లోపలికి నొక్కవలెను.

ల్యాప్‌టాపులలో ఈ రంధ్రము లోపల మరియొక సూక్ష్మమైన ఏర్పాటున్నది. పిన్ను దూరినదో లేదో చెప్పు సన్నని స్విచ్చు అది. పిన్ను దూరగనే సొంత స్పీకర్లను ఆపివేసి ధ్వనిని హెడ్‌ఫోనునకు పంపుట దాని పని. దుమ్ముచేతనో, చిలుముచేతనో ఆ స్విచ్చు పట్టుకొనిపోయినచో, హెడ్‌ఫోను తీసివేసిన తరువాతకూడ ల్యాప్‌టాపు అది ఉన్నట్లే భ్రమించి నోరు మూసికొనియుండును. ఉప్పుగాలి వీచు సముద్రతీరపు ఊళ్ళలో ఈ బాధ కొంత ఎక్కువ. గుర్తు సులభము: హెడ్‌ఫోను పెట్టినప్పుడు పలుకును, తీసినప్పుడు పలుకదు. పిన్నును కొన్నిసార్లు మెల్లగా పెట్టి తీసినచో చాలమారులు స్విచ్చు విడివడును. అది చాలనిచో ఎలక్ట్రానిక్ సామాను అమ్ము దుకాణములలో దొరకు ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో, యంత్రమును ఆపిన పిదప, పిన్నును స్వల్పముగ తడిపి అదే పని చేయవచ్చును. కొబ్బరినూనె, గుండుసూది మాత్రము వలదు.

అనుమానము స్పీకరు మీదనో, కంప్యూటరు మీదనో తేలనప్పుడు ఒకదానికొకటి మార్చి చూచుటకు మించిన పరీక్ష లేదు. ఫోను హెడ్‌ఫోనును కంప్యూటరునకు పెట్టి చూడవలెను. కంప్యూటరు స్పీకరు పిన్నును, రంధ్రమున్న ఫోనునకో టీవీకో పెట్టి చూడవలెను. ఈ రెండు పరీక్షలతో దోషి బయటపడును.

ఎగువ లోపములలో పెక్కు చిన్నవి. కీబోర్డు పైవరుసలో స్పీకరు బొమ్మగల మీటను పొరపాటున నొక్కుట. బ్రౌజరులో ఆ ఒక్క ట్యాబును మ్యూట్ చేసియుండుట. 2007లో వచ్చిన విస్టానుండి విండోస్ ప్రతి ప్రోగ్రామునకు వేరు వేరు వాల్యూమును ఉంచుచున్నది గనుక వాల్యూమ్ మిక్సరులో ఒక ప్రోగ్రాము గీత అట్టడుగున నుండుట, ఇవన్నియు ఒక్క చూపుతో తీరును. వాట్సాప్‌లో వచ్చిన వీడియోలకు కొన్నిటికి అసలు ధ్వనియే ఉండదు, పంపినవారు తీసివేసియుందురు. కావున ఒక్క వీడియోను నమ్మి యంత్రమును నిందింపరాదు.

రీస్టార్టు చేయుటను పామరచికిత్సయని కొందరు వెక్కిరింతురు గాని అది సశాస్త్రీయమే. ఐతే ఆపి మరల పెట్టుటయు, రీస్టార్టును ఒకటి కావని చాలమంది ఎరుగరు. విండోస్ 8 నుండి ఫాస్ట్ స్టార్టప్ అను ఏర్పాటు వచ్చినది. దాని ప్రకారము షట్ డౌన్ అన్నప్పుడు విండోస్ తన అంతరంగమును, డ్రైవర్ల స్థితితో సహా, డిస్కుపై వ్రాసిపెట్టుకొని నిద్రించును; మరునాడు లేచి ఆ వ్రాతనే చదువుకొని ఆగిన చోటినుండి మొదలుపెట్టును. నిన్న తికమకపడిన డ్రైవరు నేడును తికమకతోనే లేచును. రీస్టార్టు అన్నప్పుడు మాత్రమే అంతయు మొదటినుండి ఆరంభమగును. "రోజూ ఆపి పెడుతూనే ఉన్నానండీ" అనువారు ఒక్కసారి రీస్టార్టు చేసి చూచిన పిదప తక్కిన మాట.

అప్పటికిని రానిచో డివైస్ మేనేజరు తెరవవలెను. స్టార్టు బొమ్మపై కుడిమీట నొక్కినచో ఆ పేరు కనబడును. అందులో 'సౌండ్, వీడియో అండ్ గేమ్ కంట్రోలర్స్' అను శీర్షిక క్రింద మన ధ్వనిచిప్పు పేరుండవలెను. పేరుపై క్రిందికి చూపు బాణపుగుర్తు ఉన్నచో ఎవరో దానిని నిలిపివేసినారు. కుడిమీటతో 'ఎనేబుల్' అన్నచో చాలును. పసుపుపచ్చ త్రికోణమున్నచో డ్రైవరు చెడినది. విండోస్ అప్‌డేటు వచ్చిన మరునాడే ధ్వని పోయినచో, ప్రాపర్టీస్‌లోని డ్రైవర్ పుటలో 'రోల్ బ్యాక్ డ్రైవర్' వెలుగుచున్నదేమో చూచి, పాత డ్రైవరునకు మరలవచ్చును. అది లేనిచో 'అన్‌ఇన్‌స్టాల్ డివైస్' నొక్కి రీస్టార్టు చేయవలెను. పేరు భయంకరముగ నున్నను ఇందువలన ఫైళ్ళకు హాని లేదు. విండోస్ లేచునప్పుడు చిప్పును మరల గుర్తించి, తనవద్దనున్న 'హై డెఫినిషన్ ఆడియో డివైస్' అను సామాన్య డ్రైవరునైనను దానికి అమర్చును.

క్రొత్త డ్రైవరు కావలసినచో ల్యాప్‌టాపు అడుగున వ్రాసియున్న మోడలు సంఖ్యతో ఆ కంపెనీ సొంత సైటులోనే వెదకవలెను. "మీ కంప్యూటరులో పాత డ్రైవర్లు ఉన్నవి" అని తమంత తాము తెరపై దుమికి డబ్బడుగు ప్రోగ్రాములను దరిజేరనీయరాదు. కంపెనీ కస్టమర్ కేర్ అని గూగులులో కనబడిన నంబరునకు ఫోను చేసి, వారు చెప్పిన రిమోట్ యాప్‌ను వేసికొని, ధ్వని కొరకు పోయి బ్యాంకు ఖాతాను పోగొట్టుకొనుట అంతకంటె పెద్ద ప్రమాదము. అట్టిది జరిగినచో ఆలసింపక 1930 అను జాతీయ సైబర్ నేరముల సహాయకేంద్రమునకు తెలుపవలెను.

మెకానిక్కు ఫార్మాట్ మాట ఎత్తినప్పుడు ఆయనను ఒక్క కోరిక కోరవచ్చును: విండోస్‌కు బదులుగ వాడదగిన లైనెక్స్‌ను ఎక్కించిన పెన్‌డ్రైవుతో యంత్రమును ఒకసారి లేపి చూడుమని. ఉబుంటు వంటి లైనెక్స్‌లను డిస్కు ముట్టకుండ పెన్‌డ్రైవు మీదినుండియే నడుపవచ్చును. అచ్చట ధ్వని వచ్చినచో చిప్పు, వైరు, స్పీకరు అన్నియు నిక్షేపముగ నున్నవని ఋజువైనట్లే; దోషము విండోస్‌ది, అప్పుడు ఫార్మాట్ ప్రస్తావనకు కొంత అర్థముండును, అదియు ఫైళ్ళను వేరొకచోట దాచిన పిమ్మట. అచ్చటను రానిచో ఫార్మాట్ వలన ప్రయోజనమేమో ఆయనయే చెప్పవలెను. (క్రొత్తగా విడుదలైన ల్యాప్‌టాపులకు లైనెక్స్‌లో డ్రైవరు ఇంకను రాకపోవచ్చును; ఆ మినహాయింపు గుర్తుంచుకొనవలెను.) లైనెక్స్‌నే వాడుకొనువారు టెర్మినలులో ఆల్సామిక్సర్ అను ప్రోగ్రామును తెరచి, గీత అడుగున రెండు 'ఎమ్' అక్షరములు కనబడినచో ఆ మార్గము మ్యూట్‌లో ఉన్నదని గ్రహించి, 'ఎమ్' మీటనే నొక్కి విడిపింపవచ్చును.

నిజముగనే చిప్పు చెడుటయు కద్దు. విండోస్ లేవకముందే తెరువదగిన బయాస్ అను అమరికల పలకలో ఆడియో కంట్రోలరు నిలిపివేయబడలేదని చూచిన పిదపను, ఏ డ్రైవరునకును అది పలుకనిచో, ఉరుముల వానలోనో కరెంటు హెచ్చుతగ్గులలోనో ప్రాణము పోయినదని ఎంచవచ్చును. దానికొరకు మదర్‌బోర్డు మార్పించుట నా దృష్టిలో దండుగ. యూఎస్‌బీ సౌండు కార్డు అని బొటనవ్రేలంత వస్తువు దొరకును. కొన్ని వందల రూపాయల లోపలి ధర. అందులోనే ధ్వనిచిప్పు, స్పీకరునకొక రంధ్రము, మైకునకొక రంధ్రము ఉండును. తగిలించిన కొన్ని సెకన్లలో విండోస్ దానిని గుర్తించి జాబితాలో చేర్చుకొనును. అనుమానమున్నప్పుడు పరీక్షకును అది పనికివచ్చును: దాని ద్వారా పలికి, సొంత రంధ్రము ద్వారా పలుకనిచో లోపము సొంత చిప్పునకో దాని రంధ్రమునకో చెందినది.

ఈ చిన్న కార్డును అత్యవసరముగ దగ్గర నుంచుకొనదగిన వారు మరియొకరు కలరు. మనకు ధ్వని పోయినచో పాట పోవును; చూపులేనివారికి ధ్వని పోయినచో తెరయే పోవును. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ ఆరంభించిన ఎన్‌వీడీఏ అను ఉచిత ప్రోగ్రాము తెరమీది వ్రాతను చదివి వినిపించును; దానితోపాటు వచ్చు ఈస్పీక్ గొంతునకు తెలుగును వచ్చును. చదువు, ఉద్యోగము, బ్యాంకు పని అన్నియు ఆ గొంతుతోనే నడుపుకొను మనిషికి, ఇంతవరకు చెప్పిన పచ్చగీతలు, ఎర్రగుర్తులు, పసుపు త్రికోణములు ఒక్కటియు అక్కరకు రావు. లోపమును వెదకుటకు కావలసిన సాధనమే లోపమునకు గురియైనది. అట్టివారు యూఎస్‌బీ కార్డును హెడ్‌ఫోనుతో సహా తగిలించి, కొన్ని క్షణములు ఆగి, కంట్రోల్, ఆల్ట్, ఎన్ మీటలను కలిపి నొక్కినచో ఎన్‌వీడీఏ మరల మొదలగును. అది పలుకనిచో విండోస్, కంట్రోల్, ఎంటర్ మీటలను కలిపి నొక్కి విండోస్ సొంత చదువరియైన నెరేటరును పిలువవచ్చును. విండోస్ 11 ఇటీవలి కూర్పులలో విండోస్, కంట్రోల్, వి మీటలు ధ్వనిమార్గముల జాబితాను నేరుగా తెరచును. జాబితాలో పైకి క్రిందికి బాణపుమీటలతో కదలుచు, ఒక్కొక్క పేరుపై ఎంటర్ నొక్కి చూచుచు పోయినచో, గొంతు వినబడిన చోట ఆగవచ్చును.